లైన్లను ఒక ఫీల్డు ప్రకారం సార్ట్ చెయ్యడం: పనంతా కీలోనే ఉంది

ఒక టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఒక్కో లైను ఒక్కో రికార్డు, లైనులో కామాలో ట్యాబులో నిలువు గీతలో పెట్టి ఫీల్డులు విడగొట్టి ఉంటాయి. దాన్ని ఫలానా ఫీల్డు ప్రకారం వరసలో పెట్టాలి. స్క్రిప్టింగ్ మొదలుపెట్టిన ఎవరికైనా మొదట్లోనే తగిలే పని ఇది, ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నవాళ్లకీ మళ్లీ మళ్లీ తగులుతూనే ఉంటుంది. చాలామంది దీన్ని సార్ట్ గురించిన సమస్య అనుకుని ఆ ఫంక్షన్ చుట్టూనే తిరుగుతారు. సార్ట్ చేసే భాగాన్ని ఎవరో మహానుభావులు ఎప్పుడో చక్కగా రాసి పెట్టేశారు, మనం దాన్ని ముట్టుకోనక్కర్లేదు. మనం చెయ్యాల్సింది లైనులోంచి పోల్చదగ్గ విలువ ఒకటి సరిగ్గా బయటికి తియ్యడం. దాన్నే కీ అంటాం. కీ సరిగ్గా తయారైతే మిగతా పని ఒక్క లైను కోడు. కీ తప్పైతే ఎంత గొప్ప అల్గారిథం ఉన్నా వరస తప్పే వస్తుంది, పైగా తప్పని ఎక్కడా ఎర్రర్ రాదు. అదే నాకు అన్నిటికంటే భయం వేసే విషయం.

నాకు బాగా తెలిసిన ఫైలునే ఉదాహరణగా తీసుకుంటాను. మా ఊళ్లో పాల కేంద్రం ఉంది. పొద్దున, సాయంత్రం పాలు పోసేవాళ్లు వస్తారు, శాంపిల్ తీసి ఫ్యాట్ చూస్తారు, లీటర్లు ఎక్కించుకుంటారు, పదిహేను రోజులకోసారి బిల్లు. అక్కడి కంప్యూటర్లోంచి వచ్చేది ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, నిలువు గీతల మధ్య ఆరు ఫీల్డులు: సభ్యుని నంబరు, పేరు, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్. ఇలా ఉంటుంది, పేర్లూ అంకెలూ లైన్ల వరసా మాత్రం నేను అల్లినవి:

12|లక్ష్మమ్మ|03-07-2024|ఉ|4.5|6.8
107|రామారావు|03-07-2024|ఉ|11.0|10.1
9|గంగమ్మ|28-06-2024|సా|3.5|7.2
45|కాసయ్య|01-07-2024|సా|6.0|

బిల్లులు పంచడానికి నంబరు ప్రకారం కావాలి. ఎవరి పాలలో ఫ్యాట్ పడిపోయిందో చూడాలంటే ఫ్యాట్ ప్రకారం కావాలి. గోడకి అంటించే లిస్టు పేర్ల ప్రకారం ఉంటేనే జనం తమ పేరు వెతుక్కోగలరు. 'ఆ పూట నేను పోసిన పాలు ఎక్కలేదు' అని ఎవరైనా వస్తే తేదీ ప్రకారం ఉండాలి. ఒకే ఫైలు, నాలుగు రకాల కీలు, నాలుగింటికీ నాలుగు రకాల జాగ్రత్తలు. కోడు ఇక్కడ మాటల్లోనే చెప్తాను, మీరు ఏ భాష వాడుతున్నా అందులోకి మార్చుకోవచ్చు.

నేను ఎక్కువగా వాడేది పెర్ల్. 1987లో లారీ వాల్ దాన్ని బయటికి వదిలిందే ఇలాంటి ఫైళ్లు చదివి రిపోర్టులు తియ్యడానికి, కాబట్టి ఈ పని దాని సొంతిల్లు. కానీ మొదటి మెలిక లైనుని స్ప్లిట్ అనే ఫంక్షన్‌తో విడగొట్టడంలోనే ఉంది. పెర్ల్‌లో స్ప్లిట్‌కి మనం ఇచ్చే సెపరేటర్‌ని అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా చదువుతుంది. అంటే అక్షరాల నమూనాగా. అక్కడ నిలువు గీతకి 'ఇటుదైనా అటుదైనా' అని అర్థం. గీతని కొటేషన్లలో పెట్టి ఇచ్చినా ఇదే తంతు. గీతకి రెండు వైపులా ఏమీ లేదు కాబట్టి అది ఖాళీకి కూడా సరిపోతుంది, లైను మొత్తం ఒక్కో అక్షరంగా ముక్కలైపోతుంది. గీతకి ముందు బ్యాక్‌స్లాష్ పెడితే సరి. పైథాన్‌లో స్ట్రింగుకి ఉండే స్ప్లిట్ ఆ అక్షరాన్ని ఉన్నదున్నట్టు వెతుకుతుంది కనక అక్కడ ఈ బాధ లేదు.

ఇంకో సంగతి, కాసయ్య లైను చూడండి, ఫ్యాట్ ఎక్కించలేదు. లైను చివరి న్యూలైన్ తీసేశాక పెర్ల్ స్ప్లిట్ ఇలాంటి చివరి ఖాళీ ఫీల్డుల్ని వదిలేస్తుంది, ఆరు రావాల్సిన చోట ఐదే వస్తాయి. మూడో ఆర్గ్యుమెంటుగా మైనస్ ఒకటి ఇస్తే ఖాళీలనీ ఉంచుతుంది. నేనైతే అవసరం ఉన్నా లేకపోయినా ఎప్పుడూ ఇచ్చేస్తాను. ఫైలు విండోస్ నుంచి వస్తే న్యూలైనుకి ముందు క్యారేజ్ రిటర్న్ అనే కనపడని అక్షరం కూడా ఉంటుంది, న్యూలైన్ ఒక్కటే తీసేస్తే అది ఆఖరి ఫీల్డుకి అతుక్కుని ఉండిపోతుంది. ఎక్సెల్లో యూటీఎఫ్-8 (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) కామాల ఫైలుగా, అంటే సీఎస్‌వీగా సేవ్ చేసిన ఫైలైతే మొట్టమొదట బామ్ అనే ఇంకో కనపడని గుర్తు ఉంటుంది, అది మొదటి లైను మొదటి ఫీల్డులో చేరిపోతుంది. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ పేరు 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే అదే తీసేస్తుంది, పెర్ల్‌లో మనమే తుడుచుకోవాలి. హెడ్డింగ్ లైను ఉంటే దాన్ని ముందే చదివి పక్కన పెట్టుకోండి, లేకపోతే అది కూడా రికార్డులతోపాటు వరసలోకి వెళ్లి ఎక్కడో మధ్యలో తేలుతుంది.

మీ ఫైలు కామాలతో ఉంటే మాత్రం స్ప్లిట్ జోలికే పోవద్దు. కొటేషన్ల మధ్యలో కామా ఉండొచ్చు, 1,250.00 లాంటి మొత్తం ఉండొచ్చు, ఒక్కోసారి ఫీల్డు మధ్యలో న్యూలైన్ కూడా ఉండొచ్చు. 2005లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4180 అనే ఇంటర్నెట్ పత్రం ఈ నియమాలన్నీ ఒకచోట రాసిపెట్టింది. వాటిని పాటించే మాడ్యూళ్లు రెండు భాషల్లోనూ ఉన్నాయి: పైథాన్‌లో సీఎస్‌వీ మాడ్యూల్ దాంతోపాటే వస్తుంది, పెర్ల్‌లో టెక్స్ట్-సీఎస్‌వీ విడిగా పెట్టుకోవాలి. కామా ఫైలుని చేత్తో విడగొట్టే కోడు ఈరోజు పనిచేసినా, ఎవరో చిరునామాలో ఒక కామా పెట్టిన రోజున ఫీల్డులన్నీ ఒక గడి పక్కకి జరిగిపోతాయి.

ఇక పోలిక. ఏమీ చెప్పకుండా సార్ట్ అంటే పెర్ల్ అన్నిటినీ అక్షరాలుగా చూస్తుంది. సభ్యుల నంబర్లు అక్షరాలుగా పోలిస్తే 107, 12, 45, 9 అని వస్తాయి, ఎందుకంటే మొదటి అంకె దగ్గరే తేలిపోతుంది. ఫ్యాట్ ప్రకారం చూస్తే, ఖాళీని పక్కన పెడితే, 10.1 అందరికంటే తక్కువ ఫ్యాట్ అయిపోతుంది, అంటే ఊళ్లో అందరికంటే చిక్కటి పాలు పోసిన మనిషి పేరు, పల్చటి పాలవాళ్ల లిస్టులో మొదట ఉంటుంది. గేదె పాలల్లో ఫ్యాట్ 10 దాటడం అరుదు కాబట్టి మూడు నెలలు ఆ లిస్టు సరిగ్గానే కనిపిస్తుంది, ఒకరోజు ఎవరి పాలో 10 దాటగానే తిరగబడుతుంది. ఇలాంటి తప్పులు పరీక్షలో దొరకవు. అందుకే అంకెలైన ప్రతి ఫీల్డుకీ అంకెల పోలిక అని మనమే చెప్పాలి. పెర్ల్‌లో దానికి <=> అనే గుర్తు ఉంది, స్పేస్‌షిప్ అంటారు, ఎడమది చిన్నదైతే మైనస్ ఒకటి, సమానమైతే సున్నా, పెద్దదైతే ఒకటి ఇస్తుంది. అక్షరాల పోలికకి సీఎంపీ. పెద్దది ముందు రావాలంటే పోల్చే రెండిటినీ అటూ ఇటూ మార్చి రాస్తే చాలు.

రూపాయల మొత్తంలో కామాలుంటే ఈ రెండు భాషలు రెండు దారులు పడతాయి. పెర్ల్ 1,250 అనే మాటని అంకెగా చదవమంటే మొదటి కామా దగ్గర ఆగిపోయి 1 అంటుంది. వార్నింగులు ఆన్ చేసి ఉంటే ఒక గొణుగుడు వినిపిస్తుంది, లేకపోతే అదీ లేదు. పైథాన్ ఆ పనే చెయ్యనని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డబ్బు లెక్కల్లో ఆగిపోవడమే నయం. పెర్ల్ వాడేటప్పుడు వార్నింగులు ఆన్ చెయ్యకుండా ఒక్క స్క్రిప్టు కూడా రాయొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇప్పుడు వేగం సంగతి. అందరికీ ముందు తట్టే పద్ధతి, సార్ట్‌కి ఇచ్చే పోలిక బ్లాకులోనే రెండు లైన్లనీ విడగొట్టి, ఆరో ఫీల్డులు తీసుకుని పోల్చడం. తప్పేం లేదు, వరస సరిగ్గానే వస్తుంది. ఐదొందల లైన్లకి అలాగే రాసుకోండి, ఎవరూ ఏమీ అనరు. కానీ పదివేల లైన్లుంటే పెర్ల్ లోపల వాడే మెర్జ్ సార్ట్ అనే పద్ధతి సుమారు 1,20,000 పోలికలు చేస్తుంది, ఒక్కో పోలికకి రెండుసార్లు విడగొట్టాలి, అంటే 2,40,000 సార్లు స్ప్లిట్. ఉన్నవేమో పదివేల లైన్లు. ఒక్కో లైనునీ దాదాపు పాతిక సార్లు మళ్లీ మళ్లీ ముక్కలు చేస్తున్నాం, ప్రతిసారీ అదే సమాధానం కోసం.

దీనికి పెర్ల్ వాళ్ల దగ్గర అందమైన జవాబు ఉంది. 1994 డిసెంబరులో అప్పటి ఇంటర్నెట్ చర్చావేదిక యూజ్‌నెట్‌లో ఒకరు లైన్లను చివరి మాట ప్రకారం, అంటే మనిషి ఇంటిపేరు ప్రకారం, ఎలా సార్ట్ చెయ్యాలని అడిగారు. పెర్ల్ పుస్తకాలు రాసిన రాండల్ ష్వార్జ్ ఒక చిన్న పెర్ల్ ముక్కతో జవాబిచ్చాడు. మ్యాప్, సార్ట్, మ్యాప్, అంతే. మ్యాప్ అంటే లిస్టులో ఒక్కోదాన్నీ తీసుకుని ఒకే పని చేసి కొత్త లిస్టు ఇచ్చే ఫంక్షన్. కింది నుంచి పైకి చదవాలి. కింది మ్యాప్ ఒక్కో లైనునీ తీసుకుని, లైనూ దాని కీ కలిపి రెండు గడుల చిన్న అర్రేగా చేస్తుంది. మధ్యలో సార్ట్ రెండో గడులని మాత్రమే పోలుస్తుంది. పై మ్యాప్ కీని పారేసి లైనుని తిరిగి ఇస్తుంది. ప్రతి లైనూ ఒక్కసారే విడిపోతుంది. ఇలా అప్పటికప్పుడు పేరు లేని అర్రేలు సృష్టించి వాటి రిఫరెన్సులు పట్టుకు తిరగడం పెర్ల్ 5తోనే వచ్చింది, అది విడుదలై అప్పటికి రెండు నెలలు. ఇంకో పెర్ల్ రచయిత టామ్ క్రిస్టియన్సన్ దాన్ని ష్వార్జియన్ ట్రాన్స్‌ఫార్మ్ అన్నాడు, ఆ పేరే నిలబడిపోయింది. ఆలోచన మాత్రం లిస్ప్ అనే పాత భాష వాళ్లకి ముందు నుంచీ ఉన్నదే: అలంకరించు, వరసలో పెట్టు, అలంకారం తీసెయ్. నాకు ఇందులో నచ్చేది వేగం కంటే ఎక్కువగా ఇంకొకటి, కీ తయారు చేసే కోడు ఒక్కచోటే ఉంటుంది. పోలిక బ్లాకులో రాస్తే ఎడమదానికి ఒకసారి, కుడిదానికి ఒకసారి అదే కోడు రాయాలి, తరవాత ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని మర్చిపోతారు.

1999లో యూరి గట్‌మన్, లారీ రోస్లర్ ఇంకో అడుగు ముందుకేశారు. కీని లైను ముందే అతికించేస్తారు, కాకపోతే వెడల్పు ఒకేలా ఉండేలా సున్నాలతో నింపి. అప్పుడు పోలిక బ్లాకే అక్కర్లేదు, ఏమీ చెప్పని మామూలు సార్ట్ చాలు, తరవాత ముందు భాగం కోసేస్తే అయిపోయింది. పెర్ల్‌లో అన్నిటికంటే వేగంగా పనిచేసేది సాధారణంగా ఇదే. 6.8ని 0006.80గా, 10.1ని 0010.10గా రాస్తే అక్షరాల పోలికా అంకెల పోలికా ఒకటే అవుతాయి. మైనస్ అంకెలుంటే ఇది పనిచెయ్యదు, వాటికి వేరే ఏర్పాటు కావాలి. పాల ఫైలుకి నేను ఇంతవరకూ వెళ్లను. ఒక నెల లెక్కకి ఇంత వేగం ఎవరికీ పనికిరాదు, చదివేవాళ్లకి మాత్రం కష్టం.

పైథాన్ వాళ్లు ఈ ఆలోచననే భాషలోకి తెచ్చేశారు. 2004లో వచ్చిన 2.4 నుంచి సార్ట్‌కి కీ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. ఒక లైను తీసుకుని కీ ఇచ్చే ఫంక్షన్ రాసి ఇస్తే, ఒక్కో లైనుకీ దాన్ని సరిగ్గా ఒక్కసారే పిలుస్తుంది. పైథాన్ 3లో పాత పద్ధతి పోలిక ఫంక్షన్‌ని తీసేశారు కూడా. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం, ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి రోజు నుంచే 'ఈ లైనుకి కీ ఏంటి' అని అడుగుతారు. లోపల నడిచేది టిమ్‌సార్ట్, 2002లో టిమ్ పీటర్స్ రాసింది. అప్పటికే వరసలో ఉన్న ముక్కల్ని అది గుర్తుపట్టి వాడుకుంటుంది. పాల ఫైలు ఎలాగూ తేదీల వరసలోనే పెరుగుతుంది కాబట్టి, తేదీ ప్రకారం సార్ట్ అంటే దానికి దాదాపు ఒకసారి చదివినంత పనే.

తేదీ దగ్గరికొచ్చాం కదా. 28-06-2024, 03-07-2024 అని రాసుకోవడం మనకి అలవాటు, కానీ ఎడమ నుంచి చదివే పోలికకి ఇది పూర్తిగా తలకిందులు. అక్షరాలుగా పోలిస్తే జూలై మూడు, జూన్ ఇరవై ఎనిమిది కంటే ముందొస్తుంది. కీలో మాత్రం సంవత్సరం, నెల, రోజు అని తిప్పి 20240628గా రాయాలి, ఫైల్లో ఉన్నది అలాగే ఉండనివ్వాలి. కీ వేరు, రికార్డు వేరు అని పెట్టుకోవడంలో సుఖం ఇదే, చూసేవాళ్లకి అలవాటైన తేదీని చెడగొట్టక్కర్లేదు. రోజు, నెల ఒక్కోసారి 3-7-2024 అని సున్నా లేకుండా వస్తాయి, అందుకని కీ కట్టేటప్పుడు రెండంకెలకి నింపండి. పూట సంగతి అదృష్టం, ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో ఉ ముందుంది, స తరవాతెప్పుడో ఉంది కాబట్టి ఉదయం ముందు, సాయంత్రం తరవాత దానంతటదే వస్తుంది. రేపు ఎవరైనా ఆ ఫీల్డులో 'పొద్దున' అని రాసినా ఇదే వరస నిలుస్తుంది, కానీ దాని మీద ఆధారపడకుండా ఉదయానికి ఒకటి, సాయంత్రానికి రెండు అని కీలో పెట్టడం మేలు.

ఒకే తేదీ, ఒకే పూట చాలామంది పాలు పోస్తారు, వాళ్లలో ఎవరు ముందు? పెర్ల్‌లో ఒక పోలిక తరవాత 'ఆర్' పెట్టి ఇంకో పోలిక రాస్తే, మొదటిది సున్నా ఇచ్చినప్పుడు మాత్రమే రెండోదాకా వెళ్తుంది. పైథాన్‌లో కీగా టపుల్, అంటే కొన్ని విలువల వరస, ఇస్తే అదే పని అవుతుంది: తేదీ, పూట, నంబరు. అందులో ఒక అంకెని మాత్రం పెద్దది ముందుగా కావాలంటే దానికి మైనస్ పెట్టండి. ఇంకో దారి కూడా ఉంది. పెర్ల్ 5.8 నుంచి ఉన్న మెర్జ్ సార్ట్ అయినా, టిమ్‌సార్ట్ అయినా, సమానంగా ఉన్నవాటిని ముందున్న వరసలోనే ఉంచుతాయి. కాబట్టి ముందు నంబరు ప్రకారం, తరవాత పూట ప్రకారం, ఆఖరున తేదీ ప్రకారం మూడుసార్లు సార్ట్ చేసినా ఫలితం అదే.

కాసయ్య ఖాళీ ఫ్యాట్‌ని ఏం చెయ్యాలి? పెర్ల్ ఖాళీని సున్నా అనుకుంటుంది, తక్కువ ఫ్యాట్ లిస్టులో అతన్ని మొదటి వరసలో నిలబెడుతుంది. పైథాన్ ఖాళీని అంకెగా మార్చలేక ఆగిపోతుంది. రెండూ మనకి కావాల్సినవి కావు. అతని పాలలో ఫ్యాట్ లేదని కాదు, ఎవరూ ఎక్కించలేదు అంతే. ఒక మనిషిని నీళ్లు కలిపాడని అనుమానించే లిస్టు ఇది, ఆ తేడా స్క్రిప్టుకి తెలియాలి. కీని రెండు భాగాలుగా చెయ్యండి: మొదటిది 'ఖాళీయా కాదా', రెండోది విలువ. ఖాళీలన్నీ చివర ఒకచోట చేరతాయి, వాళ్లని పిలిచి చీటీ చూసుకోవచ్చు.

పేర్ల దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే ఇంగ్లిష్‌లో రాసిన పాఠాలేవీ ఈ విషయం చెప్పవు. తెలుగుకి యూనికోడ్‌లో ఇచ్చిన చోటు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. సార్ట్ ఏమీ చెప్పకపోతే ఈ కోడు నంబర్ల వరసలో పెడుతుంది. యూటీఎఫ్-8 బైట్లని నేరుగా పోల్చినా ఇదే వరస వస్తుంది, అది ఆ ఎన్‌కోడింగ్‌కి ఉన్న మంచి గుణం. అందుకే పెర్ల్‌లో డీకోడ్ చెయ్యకుండా చదివినా తెలుగు పేర్ల సార్ట్ పనిచేస్తున్నట్టే ఉంటుంది, అక్షరాలు లెక్కపెట్టడం, కొయ్యడం మాత్రం తప్పిపోతుంది.

సంతోషించాల్సింది ఏంటంటే ఈ కోడు వరస మనం అనుకునే వరసకి చాలావరకు దగ్గరే. రామయ్య, రామారావు, రాములు, రామ్మోహన్, ఇలాగే వస్తాయి. గుణింతం గుర్తులు హల్లుల తరవాత ఉన్నాయి, పొల్లు గుణింతాలన్నిటి తరవాత ఉంది, అందుకని ఒత్తు ఉన్న మాట చివరికి వెళ్తుంది. సున్న హల్లులన్నిటికంటే ముందుంది కాబట్టి గంగమ్మ, గణేష్ కంటే ముందు. క్ష అనేది విడి అక్షరంగా కాక క, పొల్లు, షగా నిల్వ అవుతుంది, అందుకే లక్ష్మి లలిత కంటే ముందొస్తుంది, అందరూ ఆశించేదీ అదే. తేడా వచ్చేది ళ దగ్గర. మనం బడిలో య, ర, ల, వ, శ, ష, స, హ, ళ అని చదువుకున్నాం. యూనికోడ్ ళని ల పక్కనే కూర్చోబెట్టింది, ఱని ర పక్కన. దాంతో కాళమ్మ కాసయ్య కంటే ముందొస్తుంది, అక్షరమాల పాడుకుంటూ వెతికే పెద్దవాళ్లకి కాసయ్య తరవాత కదా ఉండాలి అనిపిస్తుంది. మీ లిస్టుకి బడి వరసే కావాలనుకుంటే, కీలో ళని హ తరవాత వాడుకలో లేని ఒక కోడుకి మార్చేస్తే సరిపోతుంది. రికార్డు మారదు కాబట్టి ఎవరికీ తెలియదు కూడా. ఇంకా శాస్త్రోక్తంగా కావాలంటే పెర్ల్‌తో వచ్చే యూనికోడ్-కొలేట్ మాడ్యూల్, పైథాన్‌కైతే ఐసీయూ లైబ్రరీ ఉన్నాయి.

కోడు వరస కంటే ఎక్కువ ఏడిపించేది కనపడని అక్షరం. రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు జ్ కింద క ఒత్తు పడకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనేది పెడతారు. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే పేరు చివర కూడా దాన్ని పెట్టేస్తాయి. శ్రీకాంత్ అనే పేరు ఇద్దరు ఆపరేటర్లు కొడితే, తెర మీద అచ్చం ఒకేలా ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం రెండు వేర్వేరు పేర్లు. దాని కోడు తెలుగు అక్షరాలన్నిటికంటే పెద్దది, 200సీ, అందుకని అది మధ్యలో ఉన్న పేరు వరసలో కిందికి జారిపోతుంది, ఒకే మనిషి లెక్క రెండు చోట్ల చీలుతుంది. కీ కట్టేటప్పుడు దాన్ని తీసెయ్యండి, ముందు వెనక ఖాళీలు కొట్టెయ్యండి, ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చెయ్యండి. ఐత్వం గుర్తుని ఒకే కోడుగానూ రాయొచ్చు, రెండు కోడులు కలిపీ రాయొచ్చు, ఎన్ఎఫ్‌సీ రెండిటినీ ఒకటి చేస్తుంది.

ష్వార్జ్‌కి వచ్చిన ప్రశ్నలో ఇంటిపేరు చివరి మాట. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, కాబట్టి పేరు ఫీల్డు మొత్తాన్నీ సార్ట్ చేస్తే ఇంటిపేర్ల ప్రకారమే వచ్చేస్తుంది, చివరి మాట కోసం తవ్వక్కర్లేదు. కానీ సగం మంది పేర్లు 'కె. రామారావు' అని, మిగతా సగం ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఏ కీ అయినా అతకదు. అది స్క్రిప్టులో బాగయ్యేది కాదు, సభ్యుల రిజిస్టరు చూసి పేర్లు సరిచెయ్యాల్సిందే. అంకెల్లో కూడా ఒక చిన్న విషయం: ఎవరైనా ౧౨ అని తెలుగు అంకెలు వాడితే పైథాన్ వాటిని 12గా చదువుతుంది, పెర్ల్ చదవదు, ముందు మార్చి ఇవ్వాలి.

ఇంతా చెప్పాక, చాలాసార్లు స్క్రిప్టే అక్కర్లేదు. లినక్స్‌లో ఉండే సార్ట్ కమాండు చాలు. మైనస్ టీతో సెపరేటర్ చెప్పాలి, నిలువు గీత అయితే కొటేషన్లలో పెట్టాలి, లేకపోతే కమాండులు నడిపే షెల్ దాన్ని రెండు కమాండులని కలిపే పైప్ అనుకుంటుంది. మైనస్ కేతో ఫీల్డు నంబరు. ఇక్కడ అందరూ వదిలేసే ముక్క ఒకటుంది: మైనస్ కే 2 అంటే రెండో ఫీల్డు కాదు, రెండో ఫీల్డు నుంచి లైను చివరి దాకా అని. రెండోది ఒక్కటే కావాలంటే 2,2 అని రాయాలి. అలా రాసినా కీలు సమానమైతే చివరికి లైను మొత్తాన్ని పోలుస్తుంది, ఉన్న వరస ఉండాలంటే మైనస్ ఎస్ కూడా ఇవ్వాలి. అంకెలకి మైనస్ ఎన్. ఎల్‌సీ ఆల్ (LC_ALL) అనే వేరియబుల్‌ని సీ అని పెడితే ఏ మెషిన్ మీదైనా ఒకే వరస వస్తుంది, లేకపోతే భాష, ప్రాంతం సెట్టింగు అయిన లొకేల్‌ని బట్టి మారుతుంది. ఫైలు మెమరీలో పట్టనంత పెద్దదైనా ముక్కలు ముక్కలుగా డిస్కు మీద పెట్టుకుని కలుపుకుంటుంది, ఈ ఒక్క విషయంలో మన స్క్రిప్టులు దానికి సాటిరావు. తేదీ లాంటి కీ అయితే, లైన్లను ఫీల్డులుగా విడగొట్టే కమాండు ఆక్‌తో ప్రతి లైను ముందూ తిప్పిన తేదీ, ఒక ట్యాబు పెట్టించి, సార్ట్‌కి పంపి, కట్ కమాండుతో ఆ ముందు ముక్క తీసెయ్యొచ్చు. చూస్తే ష్వార్జ్ చేసిన పనే ఇది, మూడు కమాండుల్లో.

ఫలితాన్ని అదే ఫైలు మీదికి రాయాలనుకునేవాళ్లు మాత్రం 'పెద్దది' గుర్తుతో (>) దారి మళ్లించొద్దు. సార్ట్ మొదలవ్వకముందే షెల్ ఆ ఫైలుని రాయడానికి తెరిచి ఖాళీ చేసేస్తుంది, చదవడానికి ఇంకేం మిగలదు, పదిహేను రోజుల పాల లెక్క పోతుంది. మైనస్ ఓ ఇచ్చి ఫైలు పేరు చెప్తే, చదవడం పూర్తయ్యాకే రాస్తుంది. పెర్ల్‌లోనో పైథాన్‌లోనో అయితే వేరే పేరుతో రాసి, పాత ఫైల్లో ఎన్ని లైన్లో కొత్త ఫైల్లో అన్నే ఉన్నాయని చూసుకుని, అప్పుడు పేరు మార్చండి.